ఏజెంటు లేని బొంబాయి ప్రయాణం

మొన్న ఆదివారం మా ఆడపడుచు కూతురు శ్రావ్య, మొగుడు నరేందర్‌ని వెంటబెట్టుకుని మా ఇంటికి టిఫినుకు వచ్చింది. నేను వంటింట్లో పెసరట్లు వేస్తున్నాను. వాళ్లిద్దరూ హాల్లో కూర్చుని ఒకే ఫోన్లోకి చూస్తూ గుసగుసలాడుకుంటున్నారు. నాలుగో అట్టు పెనం మీంచి తీసేలోపు శ్రావ్య వచ్చి, వచ్చే శుక్రవారం ముంబై వెళ్తున్నామనీ, విమానం, హోటలు, సముద్రం కనపడే గది అన్నీ కుదిరిపోయాయనీ చెప్పింది. ఏ ఏజెంటుకు చెప్పారే అని అడిగాను. ఏజెంటు ఎందుకత్తా అని నన్ను జాలిగా చూసింది. నరేందర్‌ది వరంగల్ వైపు. "జర ఫికర్ చేయకుండ్రి అత్తమ్మా, ఇగ మొత్తం ఫోన్లనే అయిపోతది" అని నాకు ధైర్యం చెప్పాడు. నాకు ధైర్యం ఎవరు అడిగారు! ఎందుకో ఒళ్లు మండింది. మేమూ ఏజెంటు లేకుండానే బొంబాయి వెళ్లాం. నాలుగు రోజుల ప్రయాణం వేసుకోవడానికి మాకు పదకొండు నెలలు పట్టింది. ఆ మాట అంటే వాళ్లిద్దరూ నవ్వారు. మావయ్యకు చాదస్తం ఎక్కువ కదా అంది శ్రావ్య. చాదస్తం సంగతి నిజమే కానీ, ఆ పదకొండు నెలలు చాదస్తం వల్ల పట్టినవి కావు. ఆ సంగతి టిఫిను తింటూ చెప్పేది కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మాది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో రెండు గదులు, వంటిల్లు ఉన్న ఇల్లు. అందులో ఏడుగురం ఉండేవాళ్లం. అత్తయ్యగారు, మావయ్యగారు, మావయ్యగారి తల్లి మామ్మగారు, మరిది, అప్పటికి పెళ్లికాని ఆడపడుచు, మేమిద్దరం. లోపలి గది మాదని పేరే కానీ, అందరి బట్టలూ ఉన్న బీరువా అందులోనే ఉండేది. తలుపు గడియ పడేది కాదు. వానాకాలం చెక్క ఉబ్బి అసలు తలుపే మూతపడేది కాదు. బాగుచేయించాలని మా ఆయన నోరు తెరిచి అడగలేరు, నేను అంతకన్నా అడగలేను. పొద్దున్నే ఫిల్టరులో దిగే డికాక్షన్ వాసన, మామ్మగారు మోకాళ్లకు రాసుకునే కర్పూరం కలిపిన కొబ్బరినూనె వాసన, శుక్రవారం సాంబ్రాణి, వీటన్నిటి మీదా సన్నటి రాతిపొడి. మాదాపూర్ వైపు మేడలు కట్టడానికి బండలు పేల్చేవాళ్లు. మధ్యాహ్నం పేలుడు వినపడగానే అత్తయ్యగారు మేడమీద ఆరబెట్టిన వడియాల మీద పాత పంచె కప్పడానికి పరిగెత్తేవారు. అంత దూరం నుంచి దుమ్ము రాదండీ అని మా ఆయన కొలతలతో సహా చెప్పినా వినేవారు కాదు. రాత్రి తుడిచిన కిటికీ పొద్దున్నకల్లా తెల్లగా ఉండేది మరి.

అత్తయ్యగారు చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. కాకపోతే ఆవిడ చెవులు చాలా పదును. వంటింట్లో పోపు పెడుతూనే ముందుగదిలో ఎవరు దగ్గారో, లోపలి గదిలో ఎవరు బీరువా తీశారో చెప్పగలిగేవారు. ఎవరైనా ముక్కు చీదితే మిరియాల కషాయం తయారు. ఆ ఇంట్లో ఒంటరిగా జలుబు చేయించుకోవడం కూడా సాధ్యమయ్యేది కాదు.

పెళ్లయిన మూడో ఏడు నాకు కడుపు ఐదో నెలలో పోయింది. ఆసుపత్రిలో మత్తు దిగి కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది. మా ఇళ్లలో ఇలాంటివాటిని పేరుపెట్టి మాట్లాడరు. వచ్చినవాళ్లకు "కోడలికి ఒంట్లో బాగోలేదు" అని చెప్పేవారు. అత్తయ్యగారు తన పాత నేత చీరలతో కుడుతున్న బొంత సగంలో ఆగి ఎటో మాయమైపోయింది. నలభై రోజులు నాకు వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి ముద్దలు చేసి పెట్టారు. పచ్చి ఒళ్లు, ఏడిస్తే కళ్లు పాడవుతాయి అనేవారు. నా కంట్లో నీళ్లు తిరిగితే చాలు, అత్తయ్యగారు ఒక పక్క, మామ్మగారు ఒక పక్క చేరి వేరే కబుర్లు మొదలుపెట్టేవారు. ప్రేమే అది, కాదనను. మా ఆయన మాత్రం ఆ ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. పొద్దున్నే షేవింగ్ చేసుకునేవారు, చిన్న చెరువుల శాఖలో ఇంజినీరు ఉద్యోగానికి వెళ్లేవారు, సాయంత్రం వచ్చి పేపరు చదివేవారు. ఈ మనిషికి ఏమీ అనిపించలేదా అని నాకు లోపల లోపల అసహ్యం కలగడం మొదలైంది. మొగుడి మీద కోపం వస్తే అరవచ్చు, అసహ్యం వస్తే ఏం చేస్తాం? దానికి భయపడ్డాను.

మళ్లీ ఉద్యోగంలో చేరాను. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో, అమెరికా డాక్టర్లు చెప్పి పంపిన మాటలు చెవులకు పెట్టుకుని విని టైపు చేయడం నా పని. గుండె, మోకాలు, కళ్లు ఏవొచ్చినా ఫరవాలేదు. ఒక్కోసారి నాలాంటి మనిషి కేసు వచ్చేది. ఎన్నో వారం, ఏ గంటకు, బరువెంత అని ఆ డాక్టరు తాపీగా చెబుతూ ఉంటే, ఒక్క అక్షరం తప్పు లేకుండా టైపు చేసి, లేచి బాత్రూములోకి వెళ్లేదాన్ని. తలుపు వేసుకుని నోరు తెరిచేలోపే ఎవరో ఒకరు బయటినుంచి తట్టేవాళ్లు. ఇంట్లో కాదు, ఆఫీసులో కాదు. ఎక్కడో ఒకచోట, మమ్మల్ని ఎరిగినవాళ్లు ఒక్కరూ లేనిచోట, ఆయన పక్కన కూర్చుని ఒక్కసారి బావురుమని ఏడవాలి, ఆయన ఏమంటారో చూడాలి అనిపించేది. నాకు కావలసిందల్లా అంతే. ఎక్కడికైనా వెళ్దామండీ అన్నాను. కారణం చెప్పలేదు. ఆయన ఒక పూట ఆలోచించి, బొంబాయి వెళ్దాం, పెద్ద ఊరు, మనల్నెవరూ పట్టించుకోరు అన్నారు.

సంగతి కాస్త పొక్కగానే, మెయిన్ రోడ్డు మీది ట్రావెల్స్ ఆయనకు చెబితే అన్నీ చూసుకుంటాడని అత్తయ్యగారు సలహా ఇచ్చారు. ఆయన బస్సు వేస్తే కాలనీలో సగం మంది ఎక్కుతారు. షిర్డీ, నాసిక్ చూపించి, బొంబాయిలో ఒక పూట తిప్పి తీసుకొస్తాడు. వంటవాడు కూడా వెంటే. అత్తయ్యగారి స్నేహితురాళ్లు అప్పటికే మూడు సీట్లు చెప్పుకున్నారు. జనాన్ని తప్పించుకోవడానికి పోతూ జనాన్ని బస్సుకెత్తుకుని పోతామా! ఏజెంటు వద్దు, మనమే వేసుకుందాం అన్నాను. ఆయన సరేనన్నారు.

కానీ ఎక్కడ కూర్చుని వేసుకుంటాం? ఇంట్లో మ్యాపు విప్పితే మిగతా ఐదుగురూ చుట్టూ చేరతారు. మా ఆఫీసు సుమో పొద్దున ఏడున్నరకు కాలనీ చివర బస్టాపు దగ్గరికి వచ్చేది. ఆయన నన్ను అక్కడ దింపి తన ఆఫీసుకు వెళ్లాలి. ఏడూ ఇరవైకే చేరేవాళ్లం. ఆ పది నిమిషాలే మావి. స్కూటరు స్టాండు వేసి, సీటు మీద కాగితాలు పరిచి, రోజుకు ఒక్క సంగతి తేల్చుకునేవాళ్లం. ఆయన మొత్తం ప్రయాణాన్ని చెరువుకు ఎస్టిమేటు వేసినట్టు వేశారు. ఎర్ర నాడా కట్టిన ఫైలు, లోపల గీతలు గీసిన పట్టికలు. ఏ రైలు, ఏ పెట్టె, దాదర్‌లో దిగాక ఏ మలుపు తిరిగితే లాడ్జి, అక్కడినుంచి సముద్రానికి ఎంత నడక. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం దొరికిన పాత మ్యాపులో ఒక మడతకు చిల్లు పడి, సరిగ్గా మా లాడ్జి ఉండాల్సిన వీధి మాయమైంది. దాన్ని కనుక్కోవడానికి ఒక నెల. ఆ లాడ్జికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే అవతలివాడి హిందీ ఆయనకు, ఆయన హిందీ వాడికి అర్థంకాక ఇంకో నెల. ఆయన సెలవు, నా సెలవు ఒకే వారంలో కుదరడానికి మూడు నెలలు. నవ్వొస్తుంది కానీ, ఆ పది నిమిషాల కోసం నేను పొద్దున్నే గబగబా తెమిలేదాన్ని. సుమో ఆలస్యమైన రోజు ఇద్దరికీ పండగే. స్కూటరు సీటు మీద వంగి లెక్కగా గీతలు గీస్తున్న ఆయన మెడ చూస్తూ, ఇంత శ్రద్ధగల మనిషికి మనసు లేకుండా ఎలా ఉంటుంది అనుకునేదాన్ని.

అత్తయ్యగారు పెద్దగా అడ్డు చెప్పలేదు. ఇద్దరే ఎందుకు, చెల్లిని కూడా తీసుకెళ్లండి అన్నారు. అప్పుడు మావయ్యగారు, ఎప్పుడూ ఇంటి విషయాల్లో కలగజేసుకోని మనిషి, పేపరు దించి, "వాళ్లిద్దర్నే వెళ్లనివ్వు" అన్నారు. అంతే, ఆవిడ వంటింట్లోకి నడిచారు. పులిహోర, జంతికలు, కంది పొడి కట్టి, పెద్ద జాడీతో ఆవకాయ కూడా సంచిలో పెట్టారు. నాలుగు రోజులకు ఇంత ఆవకాయ ఎవరు తింటారండీ అంటే, ఉండనీ అమ్మా, పనికొస్తుంది అన్నారు. నాకు అప్పుడైనా బుర్ర వెలగలేదు.

లింగంపల్లిలో రైలెక్కాం. మర్నాడు దాదర్‌లో దిగేసరికి, మా పెట్టె ఆగిన చోటే, తలుపు ఎదురుగా, ఆయన బాబాయి నిలబడి ఉన్నారు! నాకు చిన్నమావయ్యగారవుతారు, బొంబాయి రైల్వేలో గుమాస్తా. ఊళ్లో మనిషి ఉన్నప్పుడు చెప్పకుండా పోతే తప్పని మా ఆయన బాబాయికి ఇన్లాండు లెటరు రాశారట. మేము లాడ్జిలో దిగుతున్నాం, మీరేమీ శ్రమపడవద్దు, కేవలం తెలియపరచడం కోసం రాస్తున్నాను అని. తెలియపరిచేటప్పుడు వివరాలు లేకపోతే ఎలా? అందుకని రైలు పేరు, చేరే సమయం, పెట్టె నంబరు, బెర్తుల నంబర్లు అన్నీ రాశారు. ఆ ఉత్తరం చదివి రాకుండా ఉండగల బాబాయి మా గోదావరి జిల్లాల వాళ్లలో ఎక్కడైనా ఉంటాడా? "మన ఇల్లుండగా లాడ్జి ఏంట్రా, నా పరువు ఏం కావాలి?" అంటూ నా చేతిలో సంచి లాక్కుని ముందు నడిచారు. నేను మా ఆయన మొహం చూశాను. ఆయన తన బూట్లు చూసుకున్నారు. పదకొండు నెలల ఫైలు ఆయన చంకలోనే ఉంది.

మాటుంగాలో వాళ్ల క్వార్టరు ఒక గది, ఒక వంటిల్లు. వాళ్లు ఐదుగురు. అత్తయ్యగారు కట్టిన ఆవకాయ జాడీ ఎవరి కోసమో అప్పుడు అర్థమైంది. ఆడవాళ్లం వంటింట్లో, మగవాళ్లు గదిలో, చోటు చాలనివాళ్లు బయట వరండాలో పడుకునేవాళ్లం. కూకట్‌పల్లిలో గడియ పడని తలుపైనా ఉండేది, ఇక్కడ అదీ లేదు. పగలంతా చిన్నమావయ్యగారు సెలవు పెట్టి మరీ మమ్మల్ని ఊరంతా తిప్పారు. పిల్లలు వెంట, పక్కింటి తెలుగువాళ్లు వెంట. లోకల్ రైల్లో నేను ఆడవాళ్ల పెట్టెలో, ఆయన మగవాళ్ల పెట్టెలో. మూడు రోజుల్లో ఆయన నాతో అన్న మాటలు మొత్తం కలిపి, "నీళ్లు తాగుతావా" ఒకటి, "జాగ్రత్త, మెట్లు" ఒకటి. మూడో రోజు సాయంత్రానికి నాకు అసహ్యం పోయి కోపం వచ్చింది. అదీ ఒక మేలే అనుకోవాలి.

నాలుగో రోజు పొద్దున, సాయంత్రం తిరుగు రైలనగా, చిన్నత్తగారు చపాతీలు ఒత్తుతున్నారు. సన్నగా, మాటలు తక్కువగా ఉండే మనిషి. నేను కాలుస్తున్నాను. ఎక్కడినుంచి వచ్చిందో తెగింపు, "చిన్నత్తగారూ, నాకు ఆయనతో ఒక్క గంట ఒంటరిగా కావాలండీ" అనేశాను. పెళ్లైన ఏ కోడలూ అనకూడని మాట. చెవులదాకా వేడెక్కింది. ఆవిడ కర్ర ఆపలేదు. ఒత్తుతున్న చపాతీ పూర్తిచేసి పెనం మీద వేసి, "మీ అత్తగారు నాకు ఉత్తరం రాసిందమ్మా, నీకు ఒంట్లో బాగోలేదని. నాకు అర్థమైంది" అన్నారు. తర్వాత గదిలోకి వెళ్లి, ఇవాళ గ్యాసు బండ వస్తుంది, మీరు ఇల్లు కదలడానికి వీల్లేదని చిన్నమావయ్యగారికి గట్టిగా చెప్పారు. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"చర్చ్‌గేట్ దాకా వెళ్లి సముద్రం గట్టు మీద కూర్చోండి. అక్కడ అందరూ నీళ్ల వైపే చూస్తారు, పక్కవాళ్ల మొహం ఎవరూ చూడరు. నాకూ ఇద్దరు పోయారమ్మా. నేనూ అక్కడికే వెళ్లాను."

గట్టు మీద కూర్చున్నాం. మాకు అటూ ఇటూ జంటలే, అందరూ ఊరికి వీపు తిప్పి ఉన్నారు. ఏడుపు కోసం చూశాను. రాలేదు! ఏడాదికి పైగా దాచుకున్న ఏడుపు ఎటు పోయిందో తెలియలేదు. దానికి బదులు తగువు వచ్చింది. బెర్తు నంబర్లు కూడా రాయాలా అని మొదలుపెట్టి, ఉత్తరం నుంచి ఇంటికి, ఇంటినుంచి ఆసుపత్రికి వెళ్లిపోయాను. పేపరు చదువుకుంటూ కూర్చున్నారు కదా, మీకేమీ అనిపించలేదా, మీకేమీ పోలేదా అని అడిగాను. ఆయన ఫైలు పక్కన పెట్టి, సముద్రం వైపే చూస్తూ చెప్పారు.

ఆసుపత్రిలో తెల్లగుడ్డలో చుట్టి ఆయన చేతికిచ్చారట. ఆడపిల్ల. ఆ సంగతి కూడా నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన స్కూటరు నడిపితే, మావయ్యగారు వెనక కూర్చుని ఒళ్లో పెట్టుకున్నారట. ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియక, తాను సర్వే చేసిన చెరువు గుర్తొచ్చి ఖాజాగూడ వెళ్లారు. అప్పుడక్కడ బండలు, సీతాఫలం పొదలు తప్ప ఏమీ లేవు. గొర్రెలు కాసుకునే ఒక పెద్దాయన ఏంది సారూ అని అడిగి, ఆ మూట చూసి ఇంకేమీ అడక్కుండా గునపం తెచ్చి తనే తవ్వాడట. "పరేషాన్ గాకు సారూ. కుక్కలు రాకుంట పైన బండ పెడ్త" అన్నాడట. తల్లికి చెప్పకండి, ఎక్కడుందో తెలిస్తే అక్కడే తిరుగుతుంది మనసు అని పెద్దవాళ్లు అన్నారట. అందుకని ఆయన చెప్పలేదు. ప్రతి వారం చెరువు తనిఖీ అని అక్కడికి వెళ్లి వస్తూనే ఉన్నారు.

"వరదొచ్చినా నీళ్లు అక్కడిదాకా రావు. చెరువు నిండితే ఎంతవరకు వస్తుందో నాకు తెలుసు. దానికన్నా ఆరడుగులు పైన పెట్టాం. నేను లెవెల్ చూశాను" అన్నారు.

అని, రెండు చేతులతో మొహం కప్పుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. నేను ఏడవడానికి వచ్చిన మనిషిని, ఆయన్ని పట్టుకుని కూర్చున్నాను. నా ఏడుపు ఆ తర్వాత వచ్చింది. పక్కనున్న జంట మావైపు తిరిగి చూడలేదు. ఆ ఊరికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

లింగంపల్లిలో దిగి ఇంటికి వెళ్లలేదు, సామానుతో సహా ఆటోలో ఖాజాగూడ వెళ్లాం. ఆయన ఒక్క అడుగు తడబడకుండా నన్ను తీసుకెళ్లి బండ చూపించారు. కూర్చున్న ఆవు వీపంత ఉంది, ఒక పక్క నెర్రె. ఇంటికి చేరేసరికి ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందని అత్తయ్యగారు అడగలేదు, మా కళ్లు చూసి కాఫీ కలపడానికి వెళ్లారు. ఆ తర్వాత రెండేళ్లకు మా అబ్బాయి పుట్టాడు, గదికి గడియ వచ్చింది, ఒకరొకరుగా పెద్దవాళ్లు వెళ్లిపోయారు. ఏటా ఒకసారి మేమిద్దరం ఖాజాగూడ వెళ్తూనే ఉన్నాం. కళ్లముందే చుట్టూ మేడలు లేచాయి, సీతాఫలం పొదలు పోయాయి, చెరువుకు కంచె, నడిచేవాళ్లకు బాట వచ్చాయి. చాలా బండలు పోయాయి. మాది పోలేదు. ఇప్పటి పిల్లలకు గది కావాలంటే గది దొరుకుతుంది, తలుపుకు గడియా పడుతుంది. నాకు సంతోషమే. కానీ గడియ వేసుకున్నాక ఏం మాట్లాడుకోవాలో ఫోను చెప్పదు కదా అని కూడా అనిపిస్తుంది. ఇది ముసలితనపు అసూయే కావచ్చు.

శ్రావ్య వాళ్లు విమానం ఎక్కిన శుక్రవారమే మేమూ ఖాజాగూడ వెళ్లాం. ఆయన రిటైరై మూడేళ్లయింది. ఈ మధ్య కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరిచిపోతున్నారు, నిన్న కలిసినవాళ్ల పేరు మరిచిపోతున్నారు. డాక్టరు ఇచ్చిన మాత్రలు నేనే డబ్బాలో సర్ది పెడుతున్నాను. ఎప్పటిలాగే నాకన్నా ముందు నడిచారు. బాట దిగి, నీళ్లకు దగ్గరగా ఉన్న ఒక నున్నటి గుండ్రాయి దగ్గర ఆగి, జేబురుమాలుతో దాని మీద దుమ్ము తుడిచి, "ఇదే కదా" అన్నారు. నెర్రె ఉన్న బండ పైన ఎడమ పక్క నాకు కనిపిస్తూనే ఉంది. ఆయన నా మొహంలోకి చూశారు. బెర్తు నంబరు కూడా తప్పు రాయని మనిషి, నేను అవునంటానో కాదంటానో అని భయంభయంగా చూశారు.

"ఇదేనండీ" అన్నాను. ఆ రాయి మీద ఆయన పక్కన కూర్చున్నాను.